నాదగోష్ఠికి నాయకుడు – శ్రీ అరియక్కుడి రామానుజ అయ్యంగార్

భగవంతుడు ఎచ్చట వసించును అను ప్రశ్నకు మన పెద్దలు చెప్పిన సమాధానము మిక్కిలి మనోహరమైనది. వైకుంఠము కంటెను, యోగుల హృదయసీమల కంటెను, భక్తులు కూడి తనను గానము చేయు తావే ఆయనకు ప్రియమైనదట. అట్లయినచో పాడువానికి మొట్టమొదటి శ్రోత శ్రీమన్నారాయణుడే. నారద తుంబురులు మొదలు తిరుప్పాణాళ్వారు వరకు, తాళ్ళపాక అన్నమాచార్యులు మొదలు త్యాగరాజస్వామి వరకు మహానుభావులందరును ఆ శ్రోతను ఎదుట నిలుపుకొనియే పాడినారు.

అయితే గానసభలో చాపలపైన, కుర్చీలలోను కూర్చుండువారు మనుష్యులు. వారిలో శాస్త్రము నెరిగినవారు కొందరు, ఎరుగనివారు పెక్కుమంది. ఒకరు తల యూపుదురు. ఒకరు తొడపై తాళము వేయుదురు. ఒకరు ఆహా యందురు, మరియొకరు చప్పట్లు చరతురు. ఇంకొకరు కనులు మూసికొని కదలక మెదలక కూర్చుందురు. నచ్చనివారు నడుమ లేచి వెళ్ళుటయు కలదు. వీటిలో నిజమైన రసానుభవమునకు గుర్తు ఏది? గాయకుడు శ్రోతల ఇష్టమునకు ఎంతవరకు లోబడవలెను? లోబడినచో విద్యకు హాని కలుగదా? లోబడనిచో ఆ విద్య ఎవరి కొరకు? ఈ ప్రశ్నలకు తన జీవితము ద్వారా సమాధానము చెప్పిన మహావిద్వాంసుడు, పరమ వైష్ణవకుటుంబ సంజాతుడు, సంగీతకళానిధి శ్రీ అరియక్కుడి రామానుజ అయ్యంగార్.

జననము, గురుకులవాసము

తమిళదేశమున చెట్టినాడు అను ప్రాంతము ఆలయములకును, దానధర్మములకును ప్రసిద్ధము. ఆ ప్రాంతములో కారైక్కుడి పట్టణమునకు చేరువగా అరియక్కుడి అను గ్రామము కలదు. ఒకనాడు రామనాథపురము సీమలోనిదైన ఆ గ్రామము నేడు శివగంగ జిల్లాలో నున్నది. అచ్చట తిరువేంగడముడైయాన్ అను తిరునామముతో శ్రీ వేంకటేశ్వరస్వామి కొలువై యున్నాడు. ఆ క్షేత్రమును భక్తులు దక్షిణ తిరుపతి యని పిలుచుకొందురు. తిరుమల కొండకు వందల మైళ్ళ దూరములో నున్నను ఆ గ్రామవాసుల నాలుకపై నిరంతరము నిలిచినది ఏడుకొండలవాని నామమే. అట్టి గ్రామమున 1890 మే 19వ తేదీన రామానుజ అయ్యంగార్ జన్మించినారు.

బాల్యమున పుదుక్కోట మలయప్ప అయ్యర్ వద్దను, తరువాత నామక్కల్ నరసింహ అయ్యంగార్ వద్దను వారు సంగీతము అభ్యసించినారు. అటుపిమ్మట రామనాథపురము శ్రీనివాస అయ్యంగార్ సన్నిధిని చేరినారు. పూచి శ్రీనివాస అయ్యంగార్ అని లోకము పిలిచిన ఆ మహావిద్వాంసుడు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ శిష్యుడు. పట్నం వారు మానంబుచావడి వేంకటసుబ్బయ్య గారి శిష్యులు. వేంకటసుబ్బయ్య గారు త్యాగరాజస్వామికి బంధువులు, సాక్షాత్తు శిష్యులు. ఈ విధముగా త్యాగరాజస్వామి హృదయమున పుట్టిన గానగంగ మూడు తరముల మీదుగా ప్రవహించి రామానుజ అయ్యంగార్ గారి కంఠమునకు చేరినది.

గురువుగారి రచనలు తెలుగు భాషలోనివి అనుట మన ప్రాంతమువారు గుర్తుంచుకొనదగిన విశేషము. తమిళదేశమున పుట్టి పెరిగిన ఆ వైష్ణవుడు తెలుగున కృతులు, వర్ణములు, జావళులు రచించినాడు. సంగీతము నేర్చుకొను పిల్లలు నేటికిని తొలినాళ్ళలో అభ్యసించు మోహనరాగ ఆదితాళ వర్ణము ఆయన రచించినదే. ఆ వర్ణము వినబడు ప్రతి తెలుగు లోగిలికిని, తెలిసియో తెలియకయో, ఈ గురుపరంపరతో సంబంధము కలదు.

నాటి గురుకులవాసము నేటి పాఠశాల వంటిది కాదు. పుస్తకము చూచి నేర్చుకొనుట తక్కువ, విని నేర్చుకొనుట ఎక్కువ. శిష్యుడు గురువుకు పరిచర్య చేయుచు, ఆయన పాడునపుడు వెనుక కూర్చుండి తంబురా మీటుచు, అవకాశము దొరకినపుడు గొంతు కలుపుచు, ఏండ్లతరబడి శ్రోతగా ఉండవలెను. నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. వినుట చేతకానివాడు పాడజాలడనుట దాని ఆంతర్యము. రామానుజ అయ్యంగార్ మొదట గొప్ప శ్రోత, పిమ్మటనే గొప్ప గాయకుడు. వినువాని మనసు ఎచ్చట విప్పారునో, ఎచ్చట అలసిపోవునో ఆయనకు స్వానుభవము వలన తెలియును. 1919లో గురువుగారు పరమపదించునాటికి ఆయనకు ఇరువదితొమ్మిది సంవత్సరములు. గురువుగారి గానసంపదను లోకమునకు పంచు బాధ్యత ఆ వయసున ఆయన భుజములపై పడినది.

నాటి కచేరీల తీరు

ఆ కాలమున కర్ణాటక సంగీతము ఒక పెద్ద మార్పునకు లోనగుచుండెను. అంతకుముందు విద్వాంసులకు ఆశ్రయము రాజాస్థానములు, జమీందారుల భవనములు, మఠములు, ఆలయములు. ఆస్థానమున వినువారు కొలదిమంది. వారిలో పెక్కురు విషయము నెరిగినవారు. ప్రభువు తల యూపినచో సత్కారము లభించును. సాటి విద్వాంసుడు మెచ్చినచో కీర్తి లభించును. వేళకు ఇల్లు చేరవలెనను తొందర ఎవరికిని లేదు. ఒక్క రాగమును గంటలకొలది పాడినను, ఒక్క పల్లవిని రాత్రి పొడవున సాగించినను కూర్చుండి వినువారుండిరి.

పిమ్మట చెన్నపట్టణమున సభలు వెలసినవి. తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి సన్నిధికి చేరువగా, ఆ స్వామి పేరనే 1900లో స్థాపింపబడిన సభ వాటిలో మిక్కిలి ప్రాచీనమైనది. 1927లో చెన్నపట్టణమున కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దానితోపాటు సంగీత సమ్మేళనము కూడ జరిగినది. దాని ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడినది. ఈ సభలకు వచ్చువారు ప్రభువులు కారు. న్యాయవాదులు, ఉపాధ్యాయులు, కచేరీ గుమాస్తాలు, వర్తకులు, గృహిణులు టిక్కెట్టు కొని వచ్చిరి. సంగీతమనిన వారికి ప్రాణము. కాని వారిలో పెక్కుమందికి శాస్త్రము తెలియదు. మరునాడు ఉదయమే పనికి పోవలెను.

పాత పద్ధతిలో సాగు కచేరీలు వీరికి కొంత బరువైనవి. ఆనాడు లయవిన్యాసమునకు ప్రాధాన్యము మెండు. కాంచీపురము నాయనాపిళ్ళ వంటి లయబ్రహ్మలు వాయులీనము, మృదంగము, కంజిర, ఘటము, మోర్సింగు మొదలగు పెక్కు వాద్యములను వెంట నుంచుకొని పాడినపుడు వేదిక నిండుగా నుండెడిది. అది మహావిద్య, సందేహము లేదు. లెక్క తప్పక తాళము వేయగలవారు ఆనందముతో పరవశించెడివారు. లెక్క తెలియనివారు మాత్రము ఒకరి ముఖము ఒకరు చూచుకొనెడివారు. అదే కాలమున నాటకరంగము మీద ఎస్. జి. కిట్టప్ప వంటి గాయకుల కంఠమాధుర్యమునకు జనము వేలకొలది ఆకర్షితులగుచుండిరి. శాస్త్రీయ సంగీతము పండితుల సొత్తుగా మిగిలిపోవునా, లేక సామాన్య భక్తుని చెవికి చేరునా అను సంధికాలమది. త్యాగరాజస్వామి సామాన్యుల నడుమ ఉంఛవృత్తితో తిరుగుచు పాడిన కీర్తనలకే సామాన్యుడు దూరమగు ప్రమాదము పొంచి యుండెను.

కొత్త బాట

ఈ సమయమున రామానుజ అయ్యంగార్ ఒక బాట వేసినారు. కచేరీ పద్ధతి యంతయు ఆయన ఒక్కరే సృష్టించినారని చెప్పుట సరికాదు. అంతకుముందు విద్వాంసులలోను దాని ఛాయలు కలవు. అయినను చెదరియున్న ఆ అంశములను ఒక క్రమములో కూర్చి, ఏండ్లతరబడి వేదికపై నిలిపి, ఇతరులకు ఆదర్శముగా చేసిన ఘనత ఆయనదే.

కచేరీ వర్ణముతో ఆరంభమగును. వర్ణము పాడువాని గొంతును సిద్ధపరచును. వినువారు తమ తమ స్థానములలో కుదురుకొనుటకు వ్యవధి నిచ్చును. పిదప మధ్యమకాలములో నడచు రెండు మూడు కృతులు, నడుమ క్లుప్తముగా కల్పనస్వరములు. సభకు ఉత్సాహము కలిగిన తరువాత కొంత నిదానమైన కృతి, దానికి తగినంత రాగాలాపన. ఆ పిమ్మట తోడి, కాంభోజి, భైరవి, కల్యాణి, శంకరాభరణము వంటి పెద్దరాగములలో ఒకటి ప్రధానముగా వచ్చును. నెరవు, స్వరము ముగిసిన తరువాత మృదంగ విద్వాంసునికి తని ఆవర్తనము. రాగము, తానము, పల్లవి పాడినను మితముగానే. చివరకు పదములు, జావళులు, శ్లోకములు, ఆళ్వారుల పాశురములు, అరుణాచలకవి రామనాటకములోని పాటలు, తిరుప్పుగళ్ వంటి చిన్న చిన్న రచనలు. అన్నింటికిని పిదప మంగళము. ఇదంతయు రెండున్నర, మూడు గంటలలో పూర్తియగును.

ఇందులోని ఔచిత్యము వైష్ణవ గృహస్థులకు సులభముగా బోధపడును. ఆలయమున నిత్యారాధన కొక క్రమము కలదు. సుప్రభాతముతో మేలుకొలుపు, అభిషేకము, అలంకారము, నివేదన, పారాయణగోష్ఠి, శాత్తుమొఱ, తుదకు తీర్థప్రసాద వినియోగము. ఏది ఎంతసేపు సాగవలెనో, దేని తరువాత ఏది రావలెనో నిర్ణయము కలదు. గోష్ఠిలో వేదవిదుడును, వచ్చిన రెండు పాశురములను భక్తితో వల్లించు గృహస్థుడును కలిసి నిలుచుందురు. తీర్థము ఇద్దరికిని లభించును. అయ్యంగార్ గారి కచేరీ ఇట్టి గోష్ఠివలె నుండెడిది. పండితునకు ప్రధానరాగములో విందు కలదు. గృహిణికి చివరి పాశురములో ప్రసాదము కలదు. ఎవరును రిక్తహస్తములతో ఇల్లు చేరెడివారు కారు.

మెప్పు, విమర్శ

ఈ మార్పును అందరును ఒక్కసారిగా ఆమోదించలేదు. కృతుల సంఖ్య పెరుగుట వలన రాగవిస్తారమునకు చోటు తగ్గినదని కొందరు పెద్దలు వగచినారు. పల్లవి కురచయగుట వలన మనోధర్మమునకు లోటు కలుగునని మరికొందరు భావించినారు. సభవారి మెప్పు కొరకు విద్యను చిన్నచేయుట తగునా యని ప్రశ్నించినవారును కలరు. ఈ విమర్శను తేలికగా త్రోసివేయరాదు. జనము చప్పట్లకు ఆశపడి విద్యను దిగజార్చుకొన్నవారు ఏ కళలోనైనను కనబడుచునే యున్నారు.

అయ్యంగార్ గారి విషయములో జరిగినది వేరు. ఆయన నిడివిని తగ్గించినారు గాని సారమును తగ్గించలేదు. రాగము ఎత్తుకొనిన తొలి క్షణముననే, మొదటి పలుకులోనే, అది ఏ రాగమో శ్రోతకు స్పష్టమగుట ఆయన గానములోని ప్రసిద్ధ లక్షణము. నేర్పు చూపుటకై రాగమును దాచి, వినువానిని ఊహలో ముంచి ఆడించుట ఆయన పద్ధతి కాదు. స్వామిని తెర వెనుక దాచియుంచక, తెర తొలగించి కర్పూరహారతి వెలుగులో దర్శనము చేయించు అర్చకుని వంటివాడాయన. పది నిమిషములలో ఒక రాగము యొక్క నిండు రూపమును చూపుట, గంటసేపు విహరించుటకంటె సులభమైన పని కాదు. అనవసరమైనదానిని వదలుటకు అవసరమైనది ఏదో తెలిసియుండవలెను.

కాలప్రమాణము కూడ అట్టిదే. అతివిలంబము, అతిద్రుతము రెండింటి నడుమ మధ్యమకాలమును ఆయన ప్రధానముగా గ్రహించినారు. ఆ నడకలో వినువాని శిరస్సు తనంతట తాను ఊగును, చేయి తనంతట తాను తాళము వేయును. తాళశాస్త్రము చదువనివాడు సైతము ఆ ప్రవాహములో భాగస్వామి యగును. సాహిత్యములోని మాటలు వేగములో నలిగిపోవు, నిదానములో విడిపోవు.

తని ఆవర్తనము వచ్చినపుడు కొందరు శ్రోతలు లేచి బయటకు పోవుట సభలలో పాత అలవాటు. నేటికిని అది పూర్తిగా పోలేదు. ప్రధానభాగము ముగిసినదని ఇల్లు చేరువారును కలరు. అయ్యంగార్ గారి కచేరీలో తని తరువాత వచ్చు చిన్న రచనలకే ఒక ప్రత్యేకమైన ఆకర్షణ ఉండెడిది. రాగమాలికలో సాగు శ్లోకము కొరకు, తీయని జావళి కొరకు, పాశురము కొరకు జనము మంగళమువరకు వేచియుండెడిది. మందలింపు లేకయే సభకు మర్యాద అలవడినది.

తోటి విద్వాంసుల మెప్పు లభించుట మరింత దుర్లభము. అదియు ఆయనకు సమృద్ధిగా లభించినది. జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యం ఆయనను తన మానసిక గురువుగా భావించినారు. సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ ఆయన కచేరీ పద్ధతిని ఆదర్శముగా గైకొన్నారు. మృదంగ చక్రవర్తి పాల్ఘాట్ మణి అయ్యర్‌కు ఆయన గానమనిన అపారమైన గౌరవము. తన వద్ద చేరిన కె. వి. నారాయణస్వామిని అయ్యంగార్ గారి గురుకులమునకు చేర్పించుటలో మణి అయ్యర్ పాత్రయే ప్రధానము. వేదికపై పక్కన కూర్చుండి వాయించువాడు అందరికంటె దగ్గరి శ్రోత. ఆ శ్రోత మెచ్చినచో దానికి మించిన ప్రమాణపత్రము వేరొకటి లేదు.

మైకు, రేడియో, కనబడని శ్రోత

ఆయన జీవితకాలములోనే శ్రోతకును గాయకునకును నడుమ కొత్త సాధనములు వచ్చినవి. పూర్వము వేలమందికి వినిపింపవలెనన్నచో కంఠమును ఎత్తి బిగ్గరగా పాడవలసి యుండెడిది. మైకు వచ్చిన తరువాత మెల్లగా పలికిన గమకము సైతము కడపటి వరుసకు చేరినది. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రము ప్రారంభమైన తరువాత సంగీతము ఇండ్లలోనికి వచ్చినది. అంతవరకు సభ మెట్లెక్కని వృద్ధులు, పసిబిడ్డల తల్లులు, గ్రామీణులు ఇంటనే కూర్చుండి వినసాగినారు.

రేడియో ఎదుట పాడు గాయకునికి శ్రోత కనబడడు. తల యూపువారు లేరు, చప్పట్లు లేవు, కన్నీరు తుడుచుకొనువారును కానరారు. సభవారి ఉత్సాహము చూచి పాడుటకు అలవాటుపడినవారికి ఇది కఠినపరీక్ష. కొద్ది నిమిషములలో సమగ్రరూపమును చూపగల అయ్యంగార్ గారి పద్ధతి ఈ కొత్త సాధనమునకు చక్కగా సరిపోయినది. కనబడని శ్రోత కొరకు పాడుట భక్తునకు కొత్త కాదు. అర్చామూర్తి ఎదుట పాడువాడు చప్పట్ల కొరకు ఎదురుచూడడు గదా.

శ్రోతయే గాయకుడైన వేళ

అయ్యంగార్ గారి జీవితములో వైష్ణవలోకము ఎన్నటికిని మరువరానిది గోదాదేవి తిరుప్పావైకి ఆయన చేసిన సేవ. ముప్పది పాశురములకును ఆయన రాగములు కూర్చినారు. మొదటి అయిదు పాశురములకు వరుసగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములను ఏర్పరచినారు. ఇవి ఘనరాగపంచకమని ప్రసిద్ధములు. త్యాగరాజస్వామి పంచరత్నకీర్తనల రాగములును ఇవియే. ఆండాళ్ తల్లి పాశురములను ఆ రాగములతోనే ఆరంభించుట ద్వారా ఆళ్వారుల తమిళవాణికిని, త్యాగరాజస్వామి తెలుగువాణికిని ఆయన ఒక వంతెన కట్టినారు. కడపటి పాశురమును మంగళప్రదమైన సురటిరాగమున నిలిపినారు.

తిరుప్పావై ఆలయగోష్ఠిలో అనాదిగా అనుసంధింపబడుచున్న దివ్యప్రబంధము. దానిని కచేరీ వేదికకు తెచ్చినచో భక్తి తగ్గి వినోదము పెరుగునేమో యను శంక సహజమైనది. ఆయన కూర్చిన బాణీలను పరిశీలించినచో ఆ శంక తీరును. అందులో విద్వత్ప్రదర్శనకు తావు లేదు. చిక్కులేని నడక, పాశురములోని పదములను విరువని విభాగము, ఇంటి ఇల్లాలును బాలికలును నాలుగుసార్లు విని పాడుకొనదగిన సౌలభ్యము, ఇవియే వాటి లక్షణములు. శ్రోత చప్పట్లు కొట్టి మరచిపోవుటకు గాక, ఇంటికి పోయి తానే పాడుకొనుటకు చేసిన బాణీలవి.

తిరుప్పావైలోని భావమును తలచుకొన్నచో దీని ఔచిత్యము మరింత వెల్లడియగును. ఆండాళ్ ఒంటరిగా స్వామిని చేరగోరలేదు. తెల్లవారుజామున ఇంటింటికి వెళ్ళి నిద్రించుచున్న చెలులను లేపినది. వచ్చినవారినందరిని వెంటబెట్టుకొని నందగోపుని ద్వారము చేరినది. తాను పొందు ఆనందము పదిమందికి అందవలెననుటయే ఆ నోము సారము. ఆ పేరు దాల్చిన భగవద్రామానుజులును గోపురమెక్కి మంత్రార్థమును అందరికిని చాటినారని గురుపరంపరా చరిత్రలు చెప్పుచున్నవి. అరియక్కుడి రామానుజులు చేసినదియు ఆ దారిలోనిదే. కొందరికి మాత్రమే అందుచున్న నాదమును అందరికిని అందించినారు.

ఎం. ఎల్. వసంతకుమారి ఆ బాణీలలో పాడిన తిరుప్పావై రికార్డుల ద్వారా అవి దక్షిణదేశమంతట వ్యాపించినవి. ధనుర్మాసమున తిరుమల శ్రీవారి సన్నిధిని సుప్రభాతమునకు బదులుగా తిరుప్పావై వినిపించును. ఆ నెలలో తెలుగునాట వైష్ణవగృహములలోను వేకువజామున అవే పాశురములు మారుమ్రోగును. నాటరాగములోని మొదటి పాశురము వినినపుడు ఆ స్వరములు కూర్చిన మహనీయుని పేరు ఎరిగినవారు కొలదిమందియే కావచ్చును. పేరు మరుగుపడి పాట మిగులుట భక్తునకు లోటు కాదు.

ఒకే శ్రోత ఎదుట

వేలమంది శ్రోతలను మెప్పించిన ఆ విద్వాంసుని జీవితములో, ఒకే శ్రోత ఎదుట పాడిన సంఘటన ఒకటి ప్రసిద్ధమైనది. 1961లో కంచి కామకోటి పీఠాధిపతులు శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు కారైక్కుడి పరిసరములలో విడిది చేసియుండిరి. స్వామివారు అయ్యంగార్ గారిని పిలిపించి, కాంభోజిరాగములో ముత్తుస్వామి దీక్షితులు రచించిన సుబ్రహ్మణ్యకృతిని పాడవలసినదిగా కోరినారు. పక్కవాద్యములు లేవు, వేదిక లేదు, టిక్కెట్టు లేదు. పదములు ఎచ్చట విరిగినచో అర్థము చెడునో, ఎచ్చట కలిసినచో భావము నిలుచునో గమనించుచు వినుట స్వామివారి ఉద్దేశము. ఆ కృతిలోని పదముల అర్థమును కూడ స్వామివారు వివరించినారు. అయ్యంగార్ గారు కన్నీటితో ఆ అనుగ్రహమును స్వీకరించినారు.

అప్పటికి ఆయనకు డెబ్బది యేండ్లు దాటినవి. బిరుదములు, సత్కారములు పెక్కు లభించియున్నవి. వైష్ణవసంప్రదాయమున పుట్టిన ఆ గాయకుడు అద్వైతపీఠాధిపతి ఎదుట శివకుమారుని స్తుతిని పాడుచు కరిగిపోయినాడు. ప్రతి అక్షరమును అర్థసహితముగా, శ్రద్ధతో వినగల శ్రోత ఒక్కడు లభించినచో గాయకునికి జన్మ ధన్యమగునని ఈ సంఘటన చాటుచున్నది. చప్పట్లు చేతులు చేయు శబ్దము. శ్రద్ధ హృదయము చేయు నివేదన.

సత్కారములు, శిష్యులు, పరమపదము

1938లో మ్యూజిక్ అకాడమీ ఆయనను సంగీతకళానిధి బిరుదముతో గౌరవించినది. 1952లో సంగీత నాటక అకాడమీ పురస్కారము మొట్టమొదటిసారి ప్రదానము చేయబడినపుడు కర్ణాటక గాత్రమునకు ఆయననే ఎన్నుకొన్నారు. అదే సంవత్సరము కర్ణాటక వాద్యసంగీతమునకు వైణికులు కారైక్కుడి సాంబశివ అయ్యర్ ఎన్నికైనారు. ఇరుగుపొరుగు ఊళ్ళ పేర్లు దాల్చిన విద్వాంసులిద్దరు ఒకేమారు దేశపు సత్కారము పొందుట చెట్టినాడు సీమకు దక్కిన భాగ్యము. 1958లో భారతప్రభుత్వము పద్మభూషణ్ బిరుదముతో ఆయనను సత్కరించినది.

కె. వి. నారాయణస్వామి, బి. రాజం అయ్యర్, మదురై ఎన్. కృష్ణన్ మొదలగువారు ఆయన శిష్యులలో ప్రముఖులు. నారాయణస్వామి 1942లో గురుకులములో చేరి, గురువుగారి పద్ధతికి తన సహజమైన మార్దవమును జోడించి పేరుపొందినారు. శిష్యులు గురువుగారి గొంతును అనుకరింపలేదు. ఆయన క్రమమును, సంయమనమును స్వీకరించినారు. వాయులీనముపై లాల్గుడి జయరామన్, టి. ఎన్. కృష్ణన్ వంటివారు యౌవనముననే ఆయన పక్కన వాయించి, సభ నడుపు తీరును నేర్చుకొన్నారు.

1967 జనవరి 23వ తేదీన రామానుజ అయ్యంగార్ పరమపదించినారు. ధనుర్మాసము ముగిసి తొమ్మిది పది దినములే అయినది. తాను రాగములు కూర్చిన పాశురములు అంతకుముందు నెలయంతయు ఎన్నియో ఇండ్లలో మ్రోగియుండెను.

ఆయన వేసిన బాటను నేటికిని కర్ణాటక సంగీత విద్వాంసులు అనుసరించుచున్నారు. వర్ణముతో ఆరంభించి మంగళముతో ముగించు ప్రతి కచేరీలోను ఆయన క్రమము కానవచ్చును. ఆలయ ప్రాంగణములలో ఉత్సవవేళ గానసభలు జరుగునపుడు భక్తులు ఈ మహనీయుని జీవితము నుండి గ్రహింపదగినది కలదు. స్వామి ఊరేగింపు నడుమ ఎవరును వీపు త్రిప్పి పోరు. ప్రసాదము స్వీకరింపక గోష్ఠిని వదలరు. గానమును కూడ అట్లే తుదివరకు వినవలెను. నచ్చిన పాటను చప్పట్లతో ముగింపక, దానిలోని నామమును ఇంటికి తీసికొనిపోయి, మరునాటి ఉదయమున దీపము వెలిగించునపుడు మెల్లగా పాడుకొనవలెను. గొంతు బాగుండకపోయినను దోషము లేదు. వినుట శ్రవణభక్తి, పాడుట కీర్తనభక్తి. మొదటిదాని నుండి రెండవదానికి శ్రోతను నడిపించుటయే అరియక్కుడి రామానుజ అయ్యంగార్ జీవితకాలమంతయు చేసిన కైంకర్యము.